వెనక గుమ్మం దగ్గర చెప్పాల్సిన మాట

ఆ వీధిలో ఆమెను అందరూ దబ్బనం అంటారు. పరుపుల కొట్టు వాళ్ళది. పరుపు కుట్టే దబ్బనం మూరెడు పొడుగుంటుంది, దళసరి గుడ్డలోంచి, జానెడు మందం దూదిలోంచి అవతలికి దూసుకుపోతుంది. ఆమె చేతిలో అదుంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారని కొందరంటారు. అప్పు పెట్టి ఎగ్గొట్టాలని చూసినవాళ్ళను, పరుపులో పాత దూది కలిపావని నోరు జారినవాళ్ళను అడిగితే మాత్రం చేతి సంగతి ఎత్తరు, నోటి సంగతే చెబుతారు. ఆమె మొగుణ్ణి దూది అంటారు. అది ఎందుకో ఎవరూ అడగక్కర్లేదు. గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడే మనిషి. బేరానికి వచ్చినవాడు ముఖం చిన్నబుచ్చుకుంటే చాలు, లాభం వదిలేసుకుని పరుపు భుజాన వేసి రిక్షా దాకా మోసుకెళ్ళి ఎక్కించి వస్తాడు.

కొట్టు ఒకటే పొడుగాటి గది. ఒక మూల దూది ఏకే మిషను. దాని నుంచి లేచే నూగు బల్బు మీద, గడియారం మీద, పిల్లల కనురెప్పల మీద వాలుతూ ఉంటుంది. గది మధ్యలో నిలువు చెక్క చట్రం. నింపిన పరుపును ఆ చట్రానికి నిలబెట్టి కట్టి, ఇటు ఆమె, అటు అతను నిలబడతారు. ఆమె దబ్బనం గుచ్చుతుంది, అతను అటు అందుకుని దారం లాగి, చిన్న గుడ్డ బొత్తం పెట్టి ముడి వేసి, వేలెడు ఎడంలో మళ్ళీ ఇటు గుచ్చుతాడు. మధ్యలో పరుపు అడ్డం, ఒకరి ముఖం ఒకరికి కనపడదు. దారం బిగువును బట్టే అవతలి మనిషి ఎలా ఉన్నదీ తెలిసిపోతుంది. అతనికి తలనొప్పిగా ఉంటే దారం వదులుగా వస్తుంది. ఆమెకు కోపమొస్తే దబ్బనం అతని వేళ్ళ పక్కనుంచే దూసుకొస్తుంది. పెళ్ళయినప్పటి నుంచి వాళ్ళ కాపురం చాలావరకు ఇలాగే, పరుపుకు అటూ ఇటూ నడిచింది.

మూడో కాన్పు ఆమెను చావు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెచ్చింది. ముందు ఇద్దరికీ కోసిన కడుపునే మళ్ళీ కోశారు. మాయ పాత కుట్టుకు అంటుకుపోయి ఊడి రాలేదు. రక్తం ఆగలేదు. ఇంక పిల్లలు వద్దు, ఆ చేత్తోనే ట్యూబులు కట్టేయండి అని ఆమె ముందే నర్సుకు చెప్పుకుంది. ఆ నర్సు డ్యూటీ దిగి వెళ్ళిపోయింది, ఆమె మాట కూడా ఆ నర్సుతోపాటే వెళ్ళిపోయింది. బల్ల మీద ఆమెకు స్పృహ లేనప్పుడు డాక్టరమ్మ బయటికి మనిషిని పంపి అడిగించింది. దూది అప్పటికి రక్తం కోసం పరిగెడుతున్నాడు. గుమ్మం దగ్గరున్నది అత్తగారు. "ఇప్పుడెందుకులెండి, తర్వాత చూద్దాం" అందావిడ. కడుపు తెరిచే ఉంది, కత్తి చేతిలోనే ఉంది, తర్వాత చూద్దామట! పోయేది ఎవరి ప్రాణమో ఆ మనిషిని అడగాలని అక్కడ ఒక్కరికీ తోచలేదు.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. "చూడమ్మా, ఇంకో కాన్పు నువ్వు తట్టుకోలేవు. ఈ కడుపు మళ్ళీ కోయడం కూడా మంచిది కాదు. లూప్ వేయించుకో, లేదంటే జబ్బ దగ్గర చర్మం కింద పెట్టే పుల్ల ఉంది. ఏళ్ళ తరబడి పనిచేస్తాయి." ఆమె ఆ మాట పట్టుకుని కుటుంబ నియంత్రణ గదికి వెళ్ళింది. ఆ గది గోడ మీద పెద్ద రంగుల బొమ్మ. లూప్ ఉంది, పుల్ల ఉంది, సూది ఉంది, ఆడవాళ్ళ ఆపరేషన్ ఉంది, మగవాళ్ళ ఆపరేషన్ ఉంది, వాటి చుట్టూ నవ్వుతున్న కుటుంబం ఉంది. గోడ మీద అన్నీ ఉన్నాయి. బీరువా తెరిస్తే రోజూ మింగే మాత్రలు, నిరోధ్ పెట్టెలు, అంతే. లూపులు అయిపోయాయి, వచ్చే నెల రమ్మన్నారు. పుల్లలు ఉన్నాయిగానీ పెట్టడం నేర్చుకున్న సిస్టర్ బదిలీ అయిపోయిందన్నారు. వచ్చే నెల వెళితే ఆ పై నెల అన్నారు. మాత్రలు వేసుకుంటే ఆమెకు రక్తపోటు తన్నుకొచ్చింది, డాక్టరమ్మే ఆపేయమంది.

"బొమ్మ గీయించడానికి ఉన్న ఓపిక బీరువా నింపడానికి లేదేం?" అని ఆ గదిలో నిలబడి ఆమె అడిగింది. సిస్టర్ ఏం చెబుతుంది? ఆవిడా జీతానికి పనిచేసే మనిషే.

ఇంటికొచ్చి అన్నం దగ్గర ఆ సంగతంతా చెప్పి ఆసుపత్రిని కడిగేస్తుంటే దూది తలొంచుకుని విన్నాడు. చెయ్యి కడుక్కుని, గుడ్డతో తుడుచుకుంటూ, "నేను చేయించుకుంటాలే" అన్నాడు. ఆమె ఒక్క క్షణం నమ్మలేదు. ఆ వీధిలో ఆ మాటన్న మగాడు లేడు. బరువులెత్తేవాడు ఆ ఆపరేషన్ చేయించుకుంటే నడుం పడిపోతుందని, మగతనం పోతుందని, ఒకటా రెండా, అందరి దగ్గరా ఏదో ఒక కథ ఉంది. ఆ రాత్రి ఆమెకు మొగుడి మీద ప్రేమ పొంగుకొచ్చింది. అది దాచుకునే మనిషి కాదు గనక చెప్పేసింది కూడా.

మగవాళ్ళ ఆపరేషన్లు ఆ ఆసుపత్రిలో వారంలో ఒకరోజు చేస్తారు. మగవాళ్ళకు సిగ్గు కదా, నలుగురూ చూస్తే రారు కదా, అందుకని వాళ్ళను ముందు గుమ్మం నుంచి రానివ్వరు. దుప్పట్లు ఉతికే గది పక్కన వెనక గుమ్మం ఉంది, అక్కడినుంచి రప్పిస్తారు. పేరు పెట్టి పిలవరు. సైగ చేస్తారు. లోపల పని చప్పున అయిపోతుంది, రెండు రోజులు బరువులెత్తకు అంటారు, అదే గుమ్మం నుంచి పంపేస్తారు. దూది తలకు తువ్వాలు చుట్టుకుని వెళ్ళాడు, తువ్వాలు తీయకుండానే తిరిగొచ్చాడు. వాళ్ళ సిగ్గు కాపాడామని ఆసుపత్రివాళ్ళు అనుకున్నారు. నా సిగ్గు కాపాడారని దూది అనుకున్నాడు. ఈ కాపాడుకోవడాల మధ్య జరగాల్సింది ఒకటి జరగలేదని ఎవరూ చూసుకోలేదు.

నెలన్నర దాటేసరికి ఆమెకు వాంతులు మొదలయ్యాయి.

మొదట భయమేసింది. డాక్టరమ్మ మాటే చెవిలో మోగింది. ముగ్గురు పిల్లల ముఖాలు చూసి వంటింట్లో గోడకు ఆనుకుని కూలబడింది. తనకు వచ్చింది చావు భయం, మొగుడు వచ్చి పట్టుకుంటాడనుకుంది. అతను గుమ్మంలోనే నిలబడిపోయాడు. ముఖం పాలిపోయింది. వెళ్ళి తల్లికి చెప్పాడు. నడుం పట్టేసి పడుకున్నాడనుకున్న కొడుక్కి ఆపరేషన్ అయిందని ఆవిడకు అప్పుడే తెలిసింది, రెండూ కలిపి ఒకేసారి విన్నది.

అత్తగారు ఒంటికాలి మీద లేచింది. "మా వాడికి అన్నీ కట్టేశాక కడుపెలా వచ్చిందమ్మా? గాల్లోంచి వచ్చిందా?" కొట్టుకు దూది బేళ్ళు తెచ్చే లారీ డ్రైవరా, పరుపులు కుట్టించుకునే హోటల్ మేనేజరా అని వేళ్ళు మడిచింది. ఆవిడ అన్నందుకు దబ్బనానికి అంత బాధ లేదు. ఆవిడ నోరు ఆవిడది, తిరిగి నాలుగు అనొచ్చు, అంది కూడా. దూది మాట్లాడితే చాలనుకుంది. నోర్ముయ్యి అమ్మా అని ఒక్కసారి అంటే చాలనుకుంది. అతను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాడు. ఆవిడ వెళ్ళిపోయాక, నేల చూస్తూ, నెమ్మదిగా అడిగాడు.

"ఆ హోటల్ పరుపుల కొలతలకు నువ్వొక్కదానివే వెళ్ళావు కదా?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కొలతలకు ఆమె ఒక్కతే ఎందుకు వెళ్ళింది? అతనికి ఆపరేషన్ అయి రెండు రోజులు ఇంట్లో పడుకున్నాడు కాబట్టి వెళ్ళింది. టేపు మెడలో వేసుకుని, బాలింత ఒంటితో, మేడ మీద గదులన్నీ ఎక్కి దిగి వచ్చింది. మూలుగుతున్నాడని అతనికి పక్క మీదికే అన్నం పెట్టింది.

"నీ పక్కలో పడుకున్నదాన్ని నన్నడుగుతున్నావా?" అంది. అంతకంటే మాట రాలేదు. దబ్బనానికి మాట రాకపోవడం ఆ ఇంట్లో అదే మొదలు.

మర్నాటి నుంచి అతను చట్రానికి అటు నిలబడబోతే, "అవతలికి పో" అంది. ఒక్కతే కుట్టింది. ఒక్కరే కుట్టడమంటే తెలియనివాళ్ళకు తెలియదు. ఇటు గుచ్చాలి, చుట్టూ తిరిగి అటు వెళ్ళి లాగాలి, ముడి వేసి గుచ్చాలి, మళ్ళీ తిరిగి ఇటు రావాలి. పరుపు నిండా ఎన్ని కుట్లుంటాయో అన్నిసార్లు తిరగాలి. వాంతి వస్తే దొడ్లోకి పరిగెత్తి, నోరు కడుక్కుని వచ్చి మళ్ళీ తిరిగింది. దూది మిషను దగ్గర కూర్చుని, ఏకిన దూదినే మళ్ళీ ఏకుతూ ఆమెను చూశాడు. చూడనీ అనుకుంది ఆమె. కళ్ళున్నాయిగా, చూడనీ.

ఆసుపత్రికి ఒక్కతే వెళ్ళింది. ఆడవాళ్ళ హాల్లో బెంచీ మీద కూర్చుంది. డాక్టరమ్మ వచ్చేలోగా సిస్టర్ ఒకావిడ చేతిలో బొమ్మల అట్టలు పట్టుకుని నిలబడి, కూర్చున్న ఆడవాళ్ళందరికీ చెప్పుకుపోతోంది. వారం వారం చెప్పే మాటలు కాబట్టి ఆవిడ చూపు కిటికీ మీద ఉంది. లూప్ గురించి చెప్పింది. ఆడవాళ్ళ ఆపరేషన్ గురించి చెప్పింది. తర్వాతి అట్ట తీసింది.

"మగవాళ్ళకు ఆపరేషన్ అయిన వెంటనే పనిచేయదమ్మా. లోపల ముందే ఉన్న బీజాలు పోవడానికి టైం పడుతుంది. మూడు నెలలు నిరోధ్ వాడాలి. తర్వాత పరీక్ష చేయించుకోవాలి. పరీక్షలో ఏమీ లేవని చెప్పేదాకా కడుపు రావచ్చు. చెవిలో వేసుకోండి."

దబ్బనం లేచి నిలబడింది. హాలంతా ఒకసారి చూసింది. అటు చివర నుంచి ఇటు చివర దాకా ఆడవాళ్ళే. చంకల్లో పిల్లలు, ఒళ్ళో సంచులు. ఒక్క మగాడు లేడు.

"సిస్టరమ్మా, ఈ మాట ఎవరికి చెబుతున్నావు?"

"మీకేనమ్మా. ప్రతి వారం చెబుతాం."

"ఆపరేషన్ ఎవరికి?"

సిస్టర్ చేతిలో అట్ట అలాగే ఉండిపోయింది.

"వెనక గుమ్మంలోంచి తలకు తువ్వాలేసుకుని వచ్చేవాళ్ళకు ఈ మాట ఎవరు చెబుతున్నారు?" ఆమె గొంతు హాలు దాటి మందుల కిటికీ దాకా వినిపించింది. "నా మొగుడికి ఎవరు చెప్పారు? బరువులెత్తకు అన్నారు. ఇది చెప్పడానికి మీ నోరు రాలేదా? ఇప్పుడు నాకు కడుపు. మోస్తే చస్తానని మీ డాక్టరమ్మే చెప్పింది. అది చాలదన్నట్టు ఇంట్లో నన్ను లం... అనడం ఒక్కటే తక్కువ!"

ఒక చంటిది ఏడుపు మొదలుపెడితే తల్లి నోరు మూసింది. సిస్టర్ అట్టలు బల్ల మీద పెట్టి దగ్గరికొచ్చింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మేం చెప్పబోతే వాళ్ళు తలెత్తరమ్మా. ఆడమనిషి చెబితే ఇంకా సిగ్గుపడి పారిపోతారు. అందుకని..." అంటూ ఆపేసింది. పూర్తిచేస్తే తనకే బాగుండదని ఆవిడకు తెలిసిపోయింది.

డాక్టరమ్మ చూసింది. ఇంకా తొలి వారాలే, తీసేయడం ప్రమాదం లేకుండా అయిపోతుందంది. "మీ ఆయన్ని కూడా రమ్మను. అతనికి పరీక్ష చేస్తే సంగతి తేలిపోతుంది" అంది.

ఆమె ఇంటికొచ్చి దూదిని కూర్చోబెట్టి, సిస్టర్ చెప్పిన మాట పొల్లుపోకుండా చెప్పింది. అతని ముఖంలో రంగు మారింది. ఆమె అతని ఎదురుగా కూర్చుంది.

"రేపు నీకు పరీక్ష. ఫలితం రాకముందు నాకొక మాట చెప్పు. నన్ను నమ్ముతున్నావా, లేదా?"

అతను నీళ్ళు నమిలాడు. "రేపెలాగూ తెలిసిపోతుంది కదా..."

"రేపు భూతద్దం కింద పెట్టి చూసి ఎవరైనా చెబుతారు. నేను అడిగేది నిన్ను. ఇవాళ."

అటు తల్లి తలుపు చాటున నిలబడి వింటోంది. అతను ఆ తలుపు వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు, చేతులకంటిన నూగు గిల్లుకున్నాడు. ఆమె లేచి వెళ్ళి పిల్లల దగ్గర పడుకుంది. ఒక్క మాట! పెళ్ళాం ప్రాణం మీదికొచ్చినప్పుడు ఆపరేషన్‌కు తనంతట తానే సిద్ధపడ్డ మనిషికి, ఇంత చిన్న మాట అంత బరువైపోయింది.

మర్నాడు సాయంత్రం అతను ఆసుపత్రి నుంచి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. "ఇంకా ఉన్నాయట! బతికే ఉన్నాయట! నీ తప్పేం లేదట!" అన్నాడు గుమ్మంలోంచే. తప్పిపోయిన బిడ్డ దొరికిందని చెప్పడానికి వచ్చినట్టు ఉంది అతని వాలకం.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నా తప్పేం లేదని నాకు తెలియదా? నాకు చెప్పడానికి వచ్చావా?"

వెలుగు ఆరిపోయింది. అత్తగారు లోపలినుంచి వచ్చి, సర్దుబాటు గొంతుతో, "పోనీలే, దేవుడున్నాడు" అంది.

"దేవుడు కాదు అత్తా, మైక్రోస్కోపు ఉంది. అదే లేకపోతే ఈ పాటికి నన్ను వీధిలో నిలబెట్టేదానివి. ఆ రోజు ఆసుపత్రిలో తర్వాత చూద్దామన్నావు చూడు, ఇదిగో, ఇదే ఆ తర్వాత. చూసుకో." ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడకు జాలి కలిగిందో, సిగ్గేసిందో ఆమె పట్టించుకోలేదు. ఆ రోజు ఆమెకు ఎవరి మీదా జాలిపడే తీరిక లేదు.

కడుపు తీసిన రోజునే డాక్టరమ్మ లూప్ వేసింది. స్టాకు అంతకుముందు రోజే వచ్చిందట. ఆ మాట విని ఆమె నవ్వింది, పాత కుట్లు లాగేదాకా నవ్వింది, తర్వాత ఏడ్చింది. దూది బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. వార్డులోకి వచ్చి, మంచం పక్కన నిలబడి, మెల్లగా అన్నాడు. "ఇంకో నెల పోతే నాది ఎలాగూ పనిచేస్తుంది కదా. నీకు మళ్ళీ ఇదెందుకు?"

"నీది పనిచేయనీ. ఇది నాది. దీని సంగతి నేను ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు."

"నన్ను క్షమించవా?"

ఆమె గోడ వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగి చెప్పింది. "మగవాళ్ళకు చెప్పే మనిషి లేడంటోంది సిస్టరు. ఆడది చెబితే పారిపోతారట. నువ్వు మగాడివేగా? ఆపరేషన్ రోజు ఆ వెనక గుమ్మం దగ్గర నిలబడు. వచ్చే ప్రతివాడికీ చెప్పు. మూడు నెలలు, నిరోధ్, పరీక్ష. తువ్వాలు తీసి చెప్పు."

"చెబుతాను" అన్నాడు ఊపిరి పీల్చుకుని.

"అదొక్కటే కాదు. నన్నేమన్నావో అదీ చెప్పాలి."

అతని ముఖం చూడాలి అప్పుడు.

మగవాళ్ళ రోజు వచ్చింది. ఉతికే గది పక్కన తీగల మీద తడి దుప్పట్లు వేలాడుతున్నాయి. వాటి వెనక బోర్లించిన బకెట్ మీద ఆమె కూర్చుంది. దూది గుమ్మం పక్కన తలకు తువ్వాలు లేకుండా నిలబడ్డాడు. మొదట వచ్చినవాడు ముఖం కనపడకుండా తువ్వాలు చుట్టుకుని, కాళ్ళు చూసుకుంటూ వచ్చాడు.

"అన్నా, ఒక్క మాట" అన్నాడు దూది. ఆపరేషన్ సంగతి, మూడు నెలల సంగతి, పరీక్ష సంగతి అన్నీ సక్రమంగానే చెప్పాడు. అంతవరకే చెప్పాడు. దుప్పట్ల వెనక ఆమె చూపు నేల మీద పెట్టి ఎదురుచూసింది. వచ్చినవాడు తలూపి లోపలికి పోయాడు. ఆమె పళ్ళు పటపట కొరికింది.

రెండోవాడు కాస్త వయసు మళ్ళినవాడు. దూది మొదటిదంతా మళ్ళీ చెప్పాడు. ఆగాడు. తీగల వైపు చూశాడు.

"నాకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. మా ఆవిడకు కడుపొచ్చింది. అది నా వల్లే. నేను ఆవిణ్ణే అనుమానించాను. హోటల్‌కు ఎందుకు వెళ్ళావని అడిగాను. నమ్ముతున్నావా అని అడిగింది. పరీక్ష అయ్యేదాకా నా నోటంట మాట రాలేదు." అంతా ఒక్క ఊపిరిలో అనేసి, చెమట తుడుచుకున్నాడు.

ఆ మనిషి తువ్వాలు కాస్త పైకి జరిపి ఇతన్ని ఎగాదిగా చూశాడు. "ఇలాంటివి బయట ఎవరైనా చెప్పుకుంటారటయ్యా?"

"చెప్పమంది."

"ఎవరు?"

దూది దుప్పట్ల వైపు చెయ్యి చూపించాడు. "ఆవిడే."

దబ్బనం లేచి, పక్క సందులోంచి ఇంటికి నడిచింది. దారంతా కోపంగానే నడిచింది. దూది మీద, అత్త మీద, ఖాళీ బీరువా మీద, ఆ నవ్వే కుటుంబం బొమ్మ మీద, సిగ్గు పేరు చెప్పి ప్రాణాల మీదికి తెచ్చిన ఆ వెనక గుమ్మం మీద. ఆ కోపంలో వీసమెత్తు కూడా తగ్గలేదు.

పొద్దు వాలకముందు అతను కొట్టుకు వచ్చేసరికి ఆమె కొత్త పరుపును చట్రానికి నిలబెట్టి కడుతోంది. అతను గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. ఆమె దారం ఎక్కించి, దబ్బనం గుచ్చి, చుట్టూ తిరిగి వెళ్ళకుండా అలాగే నిలబడింది. అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. గబగబా వెళ్ళి చట్రానికి అటు నిలబడ్డాడు.

"ఇవాళ నేను..." అని మొదలుపెట్టాడు.

"విన్నాను. మొదటివాడికి చెప్పలేదు. వాడి ఇల్లెక్కడో కనుక్కుని రేపు వెళ్ళి చెప్పి రా. ఇప్పుడు దారం లాగు."